తిరగేసిన అంకెలు, పులిచారలు

టేకులపల్లి చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో పాత తుపాకీ అంటే భర్మారే. గొట్టం మూతిలోంచి మందు పోసి, రవ్వలు వేసి, కడ్డీతో కూరి పేల్చేది. అడవి పందుల నుంచి చేను కాచుకోవడానికి తాతల నాడు అదే దిక్కు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతుల్లోనూ భర్మార్లు తిరిగాయి. పిస్తోలు సంగతి వేరు. అది దొరల నడుముకు, దొరతనం అధికారి గుర్రపు జీనుకు వేలాడింది. అందుకే ఎక్కడైనా పాత గడీ కూలిందంటే చాలు, నిజాం కాలపు పిస్తోలు దొరికిందట అని ఓ పుకారు లేస్తుంది. దాని వెనకే దళారీ దిగుతాడు.

దళారీ చెప్పే కథలో నిజమెంతో తేల్చుకోవాలంటే ముందు హైదరాబాద్‌ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూసి రావడం మంచిది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ (1889-1949) సేకరణ అది. 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో జనానికి తెరిచారు. ఆ వంశానికి ముత్తాతల వరసలోని మీర్ ఆలం 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సేనకు నాయకుడు. మే 4న టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. కోటలోని ఆయుధాలు విజేతల పాలయ్యాయి. ఈ రెండు వందల ఏళ్లలో భారతీయ పాత ఆయుధాల బజారుకు ఆ దోపిడీ చాలా సరుకునూ, నకిలీలనూ ఇచ్చింది.

టిప్పు కార్ఖానాల్లో తయారైన తుపాకులనూ పిస్తోళ్లనూ రాబిన్ విగింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఏళ్ల తరబడి పరిశీలించి 1992లో పుస్తకం వేశాడు. వాటి మీద పులి చారలుంటాయన్న సంగతి నకిలీవాళ్లకూ తెలుసు. వాళ్లు బోల్తా పడేది తేదీ దగ్గర. టిప్పు హిజ్రీని పక్కనపెట్టి మౌలూదీ అనే సొంత శకం నడిపాడు. అందులో అంకెలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. అంటే 1222 అన్న సంవత్సరం మన కంటికి 2221గా కనిపిస్తుంది. అది సుమారు 1794. చారలు అందంగా దిద్ది, అంకెలు మామూలు వరసలో చెక్కిన మౌలూదీ పిస్తోలు ఎదురైతే ఇంక బేరం అక్కర్లేదు.

ఈస్టిండియా కుంఫిణీ సరుకుకు గుర్తులు వేరు. తొలినాళ్లలో లాక్ మీద హృదయాకారపు ముద్ర, దాని గదుల్లో కంపెనీ పేరు పొడి అక్షరాలు. 1808 నుంచి కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వచ్చింది. సింహమూ ఉండి, పక్కనే 1795 అని తేదీ కూడా ఉంటే ఆ రెంటిలో ఒకటి అబద్ధం. గొట్టం మీది పరీక్ష ముద్రలూ అంతే. బర్మింగ్‌హామ్‌ పరీక్షశాల పుట్టిందే 1813లో. దాని ముద్రతో టిప్పు కాలపు పిస్తోలు ఎలా వస్తుంది?

అన్ని భాగాలూ అసలువే అయినా మోసం ఉండొచ్చు. 1830ల తర్వాత చెకుముకి రాయి పోయి పేలుడు క్యాప్ వచ్చింది. పాత పిస్తోళ్లను వేలాదిగా కొత్త పద్ధతికి మార్చారు. ఇప్పుడు చెకుముకి పిస్తోలుకు గిరాకీ ఎక్కువ కాబట్టి వ్యాపారులు వాటిని మళ్లీ వెనక్కి మారుస్తున్నారు. మందు గిన్నె దగ్గర పూడ్చిన చిల్లు, గొట్టం రంగుతో కలవని కొత్త సుత్తి చూస్తే పని బయటపడుతుంది. తుప్పు సైతం సాక్ష్యమే. చెయ్యి ఆనే చోట ఇనుము నున్నగా ముదురు గోధుమ రంగుకు తిరగాలి, మరల గాడుల్లో తుప్పు లోతుగా దిగాలి. అంతటా ఒకే తీరున ఎర్రగా ఉందంటే యాసిడ్ పూశారన్నమాట. ఉదయపూర్, జోధ్‌పూర్ వైపు అలంకారానికి చేసే పిస్తోళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. పెషావర్ దాపులోని దర్రా ఆదంఖేల్ నకళ్లలోనైతే ఇంగ్లిషు అక్షరాలు తలకిందులయ్యి నవ్వు తెప్పిస్తాయి. ఇక మన ఇళ్లలో జరిగే నష్టం ఇంకొకటి: ఇత్తడి పిడిని చింతపండుతో తళతళా తోమి చూపిస్తారు. ఆ తోముడుతోనే ధర సగం ఊడిపోతుంది.

ధర నిర్ణయించేది ఎక్కువగా కాగితం. 2015లో లండన్ బోన్‌హామ్స్ వేలంలో టిప్పు ఆయుధాలు 60 లక్షల పౌండ్లు దాటాయి. 2023లో టిప్పు పడకగది కత్తి ఒక్కటే దాదాపు కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది. శ్రీరంగపట్నం కోట మీద తుది దాడికి నాయకత్వం వహించిన డేవిడ్ బెయిర్డ్‌కు దాన్ని బహూకరించినట్లు కత్తి మీదే చెక్కి ఉంది. ఆ రాత లేకపోతే మంచి కత్తే, కానీ ఆ ధర రాదు.

మన దగ్గర కాగితమంటే ముందు గుర్తొచ్చేది లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పురాతన ఆయుధాన్ని మినహాయించింది, నిజమే. కానీ మరమ్మతు చేసినా పేలనిదై ఉండాలి. వందేళ్లు నిండినదాన్ని దేశం దాటించడానికి 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు. పేలే భర్మారు ఎంత పాతదైనా, లైసెన్సు లేకుంటే నేరమే. పట్టుబడితే స్టేషన్‌కో కోర్టుకో చేరుతుంది, అక్కడి నుంచి తుక్కుకు. ఏ గూడెంలో దొరికింది, ఎవరి తాత వాడాడు అన్న వివరం ఏ మ్యూజియానికీ అందదు. టిప్పు పిస్తోలుకు పుస్తకమే ఉంది. భర్మారుకు రెండు వాక్యాల చీటీ కూడా లేదు. నా దృష్టిలో ఇక్కడి అడవి చరిత్రకు ఆ చీటీయే ఎక్కువ అవసరం.

అలాంటి చీటీ రాయడం మన్యానికి తెలియనిదేం కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు పట్టుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, ఏమేం తీసుకున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టాడు.