సానపట్టిన గాజుదీపాలు

హైదరాబాదు చౌమహల్లా దర్బారులో వ్రేలాడే 19 గాజు దీపగుచ్ఛాలు బెల్జియం దేశపువని ప్రతీతి. ఈ విద్యలో ఆంగ్లేయులూ ఘనులే. 1670 దశకంలో జార్జి రేవెన్స్‌క్రాఫ్టు గాజులో సీసము కలిపే పద్ధతిని నెలకొల్పినాడు. ఆ గాజు మెత్తన. ఇసుక, నీరు పడే ఇనుపచక్రంపై పలకలు తీర్చి, రాతిచక్రంపై నునుపుచేసి మెరుగుపెడితే, ఒక్క కొవ్వొత్తి వెలుగు పలకపలకలోను తళుకొత్తుతుంది.

1745లో గాజుపై బరువునుబట్టి పన్ను పడగా, పనివారు పొదుపు నేర్చినారు. 1845లో పన్ను తొలగినది. 1851 లండను ప్రదర్శనలో బర్మింగ్‌హామ్ ఆస్లరు సంస్థ నాలుగు టన్నుల గాజుతో 27 అడుగుల ఫౌంటెను నిలిపినది. కలకత్తాలో అంగడి తెరచి మన సంస్థానాధీశులకు దీపాలమ్మినది.

కొన్న ప్రభువుల పేర్లు చరిత్రకెక్కినవి. తడిచేతులతో పలకలు తీర్చిన పనివారివి ఎక్కలేదు. ఆ దీపాల క్రింద నిలిచినపుడు వారినీ తలచుకొందాము.