వేన్నీళ్ల ట్యాంకు, వీధి గొట్టం: ఆస్ట్రేలియా ఇళ్లలో నీటి పీడనం చరిత్ర

ఆస్ట్రేలియా నగరాల శివారు ఇళ్లలో నీళ్లు కాచే ట్యాంకు చాలాచోట్ల ఇంటి వెలుపలి గోడ పక్కనే నిలబడి ఉంటుంది. దాని పైభాగంలోని వాల్వ్ నుంచి కిందికి దిగే సన్నని రాగి గొట్టం నేలకు కొంచెం ఎత్తులో ఆగిపోయి, ముఖ్యంగా రాత్రివేళల్లో, చుక్కలు రాలుస్తూ ఉంటుంది. కొత్తగా ఇల్లు కొన్నవారు దీన్ని లీకుగా భావించి ప్లంబర్‌కు కబురు పెట్టడం సహజమే గాని, ఆ గొట్టం నిర్మాణంలో దొర్లిన లోపం కాదు, ఒక దేశం తన ఇళ్లలోకి నీటిని తెచ్చుకున్న తీరులో క్రమంగా కుదిరిన రాజీ. నీరు వేడెక్కి ఉబ్బినప్పుడు బయటికి పోయే దారులు ఇంట్లో ఒక్కొక్కటిగా మూసుకుపోగా, చివరికి మిగిలిన దారి అది. పీడనం ఎక్కువైందన్న ఫిర్యాదుకు కారణం వెతికే ప్లంబర్ తెలిసో తెలియకో వెతికేది ఏ దారి ఎప్పుడు మూసుకుపోయిందన్న సంగతినే.

ఇందులోని భౌతిక సూత్రం చిన్నది. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీటిని 70 డిగ్రీలకు వేడి చేస్తే దాని ఘనపరిమాణం 2 శాతానికి కాస్త పైగా పెరుగుతుంది కాబట్టి, 250 లీటర్ల ట్యాంకులో ఒక్కసారి కాగేసరికి 5 లీటర్లకు పైగా అదనపు నీరు పుట్టుకొచ్చినట్లవుతుంది. గాలిని కుదించినట్టు నీటిని కుదించడం సాధ్యం కాదు. ఉబ్బిన నీటికి దారి లేకపోతే పీడనం నిమిషాల్లో ట్యాంకు తట్టుకోలేని స్థాయికి పోతుంది. పీడనాన్ని కొలిచే కిలోపాస్కల్ అనే ప్రమాణాన్ని తెలుగు ఇంటి అనుభవంతో పోల్చుకోవచ్చు: 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు కింద చూపే ఒత్తిడి దాదాపు 100 కిలోపాస్కల్‌లు. సంపులోంచి మోటారుతో డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే హైదరాబాదు ఇంట్లో కింది అంతస్తు కుళాయికి అందేది 60, 70 కిలోపాస్కల్‌లకు మించదు. నేరుగా వీధి గొట్టానికే కలిసే ఆస్ట్రేలియా ఇంట్లో 500 మామూలు సంగతి, పల్లపు ప్రాంతంలో అంతకు ఎంతో ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఈ సమస్య ఎరుగని కాలం ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రేలియా ఇంట్లో వేన్నీళ్లంటే బట్టలుతికే గదిలో ఇటుకల పొయ్యి మీద కట్టిన పెద్ద రాగి కాగు. దాన్ని ‘కాపర్’ అనే పిలిచేవారు, నీళ్లను బకెట్లతో నింపి బకెట్లతోనే తోడుకునేవారు. తరువాత స్నానాల గదిలోకి ‘చిప్ హీటర్’ వచ్చింది. స్నానపు తొట్టె చివర నిలబెట్టిన ఈ లోహపు స్తంభంలో చెక్క పేళ్లు, పైన్ కాయలు, పాత వార్తాపత్రికలు మండించి, ఆ మంట చుట్టూ సన్నగా నీటిని పారించి వేడి చేసేవారు. మధ్యలో నిప్పు, చుట్టూ నీరు ఉండే రాగి బాయిలర్‌ను కట్టెలతో రాజేసిన తెలుగు ఇళ్లవారికి దీని తీరు కొత్తగా అనిపించదు. లండన్‌లో 1868లో బెంజమిన్ వాడీ మాన్ రూపొందించి గీజర్ అని పేరు పెట్టిన గ్యాస్ యంత్రం కూడా ఇదే కుటుంబానికి చెందింది. వీటిలో చన్నీళ్లను ఆపే కుళాయి లోపలికి వచ్చే వైపే ఉంటుంది, బయటికి పోయే మూతికి అడ్డేమీ ఉండదు. అందుచేత నీరు ఎంత ఉబ్బినా తొట్టెలోకి జారిపోయేదే తప్ప పీడనం నిలవడానికి చోటే లేదు. చిప్ హీటర్‌తో మనిషికి కాళ్లు కాలడం, గది పొగతో నిండడం, నీళ్లు సలసల కాగి చిమ్మడం వంటి ఇబ్బందులు ఉండవచ్చుగాని, అది అసలు మూసిన పాత్రే కాదు.

ఇక వీధి గొట్టంలోని పీడనానిది వేరే చరిత్ర, అది కొండలు, జలాశయాల కథ. సిడ్నీ మొదట ట్యాంక్ స్ట్రీమ్ అనే చిన్న వాగునూ, 1827లో తవ్వకం మొదలై పదేళ్లు సాగిన బస్బీ సొరంగాన్నీ, 1859 నుంచి బోటనీ చిత్తడి నేలల నీటినీ ఆశ్రయించి, 1888లో అప్పర్ నెపియన్ పథకంతో ఎగువ ప్రాంతపు నీటిని వాలు ఆధారంగా నగరానికి తెచ్చుకుంది. మెల్బోర్న్ అంతకు ముందే, 1857 డిసెంబర్ 31న, జేమ్స్ బ్లాక్‌బర్న్ ఆలోచన నుంచి పుట్టిన యాన్ యీన్ జలాశయపు నీటిని అందుకుంది. ఆ జలాశయం సముద్రమట్టానికి సుమారు 180 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల, మధ్యలో ఒత్తిడిని విరిచే ఏర్పాటు ఏదీ లేకపోతే సముద్రతీరపు పేటలో మూసి ఉన్న కుళాయి దగ్గర లెక్క ప్రకారం 1800 కిలోపాస్కల్‌ల దాకా పీడనం నిలవాలి. నీరు పారుతున్నప్పుడు గొట్టపు గోడల రాపిడి ఈ ఒత్తిడిలో కొంత మింగేస్తుంది. అర్ధరాత్రి నగరమంతా కుళాయిలు కట్టేసి నిద్రపోతే రాపిడి తగ్గి, ఒత్తిడి తన పూర్తి ఎత్తుకు చేరుకుంటుంది. పగలు 600 చూపిన వీధిలో రాత్రి 800 కనిపించడానికి కారణం ఇదే. ఈ చిన్న విషయం తరువాతి కథలో చాలా దూరం వస్తుంది.

ఇంట్లో మంట, వీధిలో ఒత్తిడి ఒకదానితో ఒకటి తలపడకుండా మొదట అడ్డు నిలిచింది అటక మీది తొట్టె. కప్పు కింద ఒక చిన్న చన్నీళ్ల తొట్టె పెట్టి, తేలే బంతితో పనిచేసే వాల్వ్ ద్వారా వీధి నీటిని అందులోకి వదిలి, అక్కడి నుంచి కేవలం ఎత్తు బలంతో వేన్నీళ్ల పాత్రకు పంపేవారు. పాత్ర పైనుంచి ఒక తెరిచిన గొట్టం ఆవిరికీ ఉబ్బిన నీటికీ దారిగా ఉండేది. ఇంగ్లండ్ ఈ పద్ధతిని ఎంతగా నమ్మిందంటే, వీధి ఒత్తిడితో నేరుగా పనిచేసే మూత ట్యాంకులకు అక్కడి భవన నిబంధనలు 1980ల మధ్యలోగాని దారి ఇవ్వలేదు. న్యూజిలాండ్ ఇళ్లలో తక్కువ ఒత్తిడి రాగి ట్యాంకులు నేటికీ ఉన్నాయి. సన్నటి ధారగా పడే షవర్ ఒక్కటే దీని లోపం. భద్రత దృష్టితో చూస్తే ఇంతకన్నా నమ్మదగిన ఏర్పాటు మరొకటి రాలేదనే చెప్పాలి.

ఆస్ట్రేలియా మాత్రం బ్రిటిష్ అలవాటును వదిలి అమెరికా బాట పట్టింది. మిల్వాకీకి చెందిన ఎ.ఓ. స్మిత్ సంస్థ 1936లో ఉక్కు ట్యాంకు లోపలి గోడకు గాజు పూత పూసే పద్ధతికి పేటెంట్ పొందడంతో, రాగి కన్నా చౌకైన ఉక్కు తుప్పు భయం లేకుండా వీధి ఒత్తిడిని భరించగలిగింది. కాలిఫోర్నియాలో పుట్టిన రీమ్ సంస్థ అదే దశాబ్దం రెండో సగంలో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాల్లో శివార్లలో వేలాదిగా లేచిన ఇళ్లలోకి ‘మెయిన్స్ ప్రెషర్’ ట్యాంకు, అంటే వీధి గొట్టపు ఒత్తిడినే నేరుగా మోసే ట్యాంకు, చేరింది. షవర్ బలంగా పడింది, అటక మీది తొట్టె పోయింది, దానితో పాటే ఆకాశం వైపు తెరుచుకున్న గొట్టమూ పోయింది.

మూసిన పాత్ర కింద మంట పెట్టడం ఎంత ప్రమాదమో ఆవిరి యంత్రాల యుగానికి బాగా తెలుసు. దెనీ పాపెన్ తన ఆవిరి పాత్రకు రక్షణ వాల్వ్ అమర్చింది పదిహేడో శతాబ్దంలోనే. 1000 కిలోపాస్కల్‌ల ఒత్తిడిలో నీరు 180 డిగ్రీలు దాటితేగాని మరగదు, కాబట్టి థర్మోస్టాట్ చెడి మంట ఆగని ట్యాంకులో నీరు మరగకుండానే 150 డిగ్రీలకు చేరవచ్చు. అప్పుడు ట్యాంకు ఎక్కడైనా చీలితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరిగా మారి ఇంటి గోడను కూల్చగలదు. అందుకే ఆస్ట్రేలియా ట్యాంకు మీది రక్షణ వాల్వ్ రెండు విషయాలకు స్పందిస్తుంది: లోపలి నీరు 99 డిగ్రీలకు చేరినా, పీడనం ట్యాంకు రకాన్ని బట్టి 1000 లేదా 1400 కిలోపాస్కల్‌లు దాటినా తెరుచుకుంటుంది. బ్రిస్బేన్‌లో 1949లో చిన్న పనిముట్ల వర్క్‌షాప్‌గా మొదలైన రిలయన్స్ సంస్థ ఇలాంటి వాల్వ్‌ల తయారీతోనే ఎదిగి ఇతర ఖండాలకు విస్తరించింది. ఆరు నెలలకొకసారి దాని మీట ఎత్తి నీరు పారనివ్వాలనీ, అయిదేళ్లకొకసారి వాల్వ్‌నే మార్చాలనీ తయారీదారులు చెబుతారు; ఆ గొట్టానికి బిరడా బిగించడం ట్యాంకును బాంబుగా మార్చడమే.

ఆకాశం వైపు దారి మూసుకున్నాక కూడా ఉబ్బిన నీటికి ఇంకొకటి మిగిలింది: వచ్చిన దారినే వీధి గొట్టంలోకి వెనక్కి పోవడం. వేడి నీరు, ఇంటి మురికి ప్రజల తాగునీటిలో కలవకూడదన్న ఆరోగ్య నియమంతో చన్నీళ్లు వచ్చే చోట నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీటిని ఒకే దిశలో పోనిచ్చే వాల్వ్, తప్పనిసరి అయింది. చాలా పేటల్లో మీటరు దగ్గర కూడా అలాంటిదే వచ్చి చేరింది. ఈ చిక్కుకు అమెరికా, ఆస్ట్రేలియా వేర్వేరు పరిష్కారాలు ఎంచుకున్నాయి. అమెరికా ప్లంబర్లు గాలితో నిండిన రబ్బరు సంచి ఉన్న చిన్న తొట్టెను గొట్టానికి తగిలించి ఉబ్బిన నీటిని అందులో దాచగా, ఆస్ట్రేలియా ఆ కొద్ది నీటిని నేల మీదికి వదిలేయడానికే మొగ్గు చూపింది. కరువు నేలగా పేరుపడ్డ దేశం ఇలా ఎంచుకోవడం వింతగా తోచవచ్చు. అయితే వదిలేసే వ్యవస్థలో చెడిపోయే రబ్బరు లేదు, పనిచేస్తున్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది.

అలా వదలడంలోనూ ప్రాంతీయ భేదాలు వచ్చాయి. 1955లో మానమ్ గొట్టపు మార్గంతో మర్రీ నది నీటిని అందుకున్న అడిలైడ్‌లోనూ, భూగర్భ జలాన్ని ఎక్కువగా వాడే పెర్త్‌లోనూ నీటి కాఠిన్యం ఎక్కువ. వేడి వైపున్న వాల్వ్ పదేపదే తెరుచుకుంటే దాని నోట సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. అందుకని దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో చన్నీళ్ల వైపు మరో వాల్వ్ అమర్చే ఆనవాయితీ స్థిరపడింది. ప్రధాన వాల్వ్ 1000 కిలోపాస్కల్‌లదైతే దీన్ని 850కి, 1400దైతే 1200కి అమర్చుతారు. రోజువారీ ఉబ్బును ఇది చల్లటి నీటి రూపంలోనే వదిలేస్తుంది, ప్రధాన వాల్వ్ ప్రమాద సమయానికి తాజాగా మిగులుతుంది.

విద్యుత్ సంస్థలు కూడా తెలియకుండానే ఈ కథలో భాగం పంచుకున్నాయి. రాత్రివేళ గిరాకీ లేని కరెంటును చౌకగా అమ్మే ‘ఆఫ్ పీక్’ ధర ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటికి పెద్ద ట్యాంకుల ఇళ్లను విశేషంగా ఆకర్షించింది. టైమర్ గడియారాలో, విద్యుత్ తీగల మీదుగానే పంపే సంకేతాలో అర్ధరాత్రి వేల ట్యాంకులను ఒకేసారి వెలిగించేవి. వీధి గొట్టంలో ఒత్తిడి పతాక స్థాయికి చేరే సమయమూ అదే, ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పని సమయమూ అదే. ఉబ్బిన నీటికి కాస్త ఉపశమనం ఇచ్చే వాడకం లేక, సరఫరా ఒత్తిడే వాల్వ్ హద్దు దాకా వచ్చి, పగలు పొడిగా ఉన్న గొట్టం రాత్రి పారేది. తయారీదారుల పట్టికల్లో గరిష్ఠ సరఫరా పీడనం వాల్వ్ అమరికలో 80 శాతంగా, 1000కి 800గా, 1400కి 1120గా ఉండడానికి కారణం ఈ రాత్రి కలయికకు కొంత జాగా విడిచిపెట్టడమే.

2003 నాటి ఏఎస్ ఎన్‌జడ్‌ఎస్ 3500 ప్రమాణం కొత్త ఇళ్లలో ఏ కుళాయి దగ్గరా పీడనం 500 కిలోపాస్కల్‌లు మించకూడదని చెప్పడంతో ఒత్తిడిని పరిమితం చేసే వాల్వ్ ఇంటింటికీ వచ్చింది. దాన్ని మీటరు దగ్గర పెట్టాలా, ట్యాంకు నోటి దగ్గర పెట్టాలా అన్న తేడా నుంచే చాలా ఫిర్యాదులు పుట్టాయి. ట్యాంకుకు మాత్రమే పెడితే వేడి వైపు 500, చల్లటి వైపు 900 ఉండవచ్చు. వేడినీ చల్లదనాన్నీ కలిపే ఒంటి మీట కుళాయిలోనో, స్నానపు నీటిని 50 డిగ్రీలకు దించే టెంపరింగ్ వాల్వ్‌లోనో లోపలి అడ్డు అరిగితే చల్లటి నీరు వేడి గొట్టంలోకి చొరబడి, ట్యాంకు ఆగి ఉన్నప్పుడు కూడా రక్షణ వాల్వ్‌ను కారేట్టు చేస్తుంది. పాత ఇంటి ప్లంబర్ మొదట తోట కుళాయికి గేజి బిగించి చూస్తాడు; గరిష్ఠ విలువ దగ్గరే నిలిచిపోయే రెండో ముల్లున్న గేజిని రాత్రంతా వదిలేస్తే వీధి ఒత్తిడి ఎంత దాకా ఎక్కిందో తెలుస్తుంది. అయితే ఆ కుళాయి నాన్ రిటర్న్ వాల్వ్‌కు వీధి వైపు ఉంటే గేజికి ట్యాంకు ఉబ్బు కనిపించదు. ట్యాంకు వైపు కొలిచినప్పుడే, కాగుతున్నంతసేపూ ఎక్కి వాడకంతో పడిపోయే ఉబ్బు పీడనానికీ, ఎప్పుడూ ఎత్తులోనే ఉండే సరఫరా పీడనానికీ తేడా బయటపడుతుంది. మొదటిది వ్యవస్థ స్వభావం, రెండోది అరిగిన వాల్వ్ పని.

2009 దాకా సాగిన దీర్ఘ అనావృష్టిలో సిడ్నీ, గోల్డ్ కోస్ట్ వంటి నగరాలు లీకులు తగ్గించడానికి వీధి గొట్టాల ఒత్తిడినే దించుకున్నాయి. సూర్యరశ్మితో నీళ్లు కాచే పరికరాలు కూడా, సీఎస్ఐఆర్‌ఓలో రోజర్ మోర్స్ పరిశోధనల కాలంలోనే 1953లో పెర్త్‌లోని ఎస్.డబ్ల్యూ. హార్ట్ సంస్థ తయారీ మొదలుపెట్టి సోలాహార్ట్‌గా ఎదిగిన నాటి నుంచి, వేసవి మధ్యాహ్నాల్లో 99 డిగ్రీలు తాకి కప్పుల మీద వేడినీటిని వదులుతూ వచ్చాయి. అప్పటికప్పుడు కాచి ఇచ్చే గ్యాస్ యంత్రాలు వ్యాపించిన ఇళ్లలో నిల్వ నీరే లేనందువల్ల ఈ సమస్య దాదాపు మరుగున పడింది. విక్టోరియా రాష్ట్రం 2024 జనవరి 1 నుంచి ప్రణాళికా అనుమతి అవసరమైన కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఆపడంతో, మెల్బోర్న్ పడమటి శివార్లలోని కొత్త ఇళ్లలోకి హీట్ పంపు రూపంలో నిల్వ ట్యాంకు తిరిగి వస్తోంది. ఈసారి అది కాగే వేళ మారుతోంది: దక్షిణ ఆస్ట్రేలియా విద్యుత్ పంపిణీ సంస్థ 2020లో మధ్యాహ్నపు సౌర విద్యుత్తుకు తక్కువ ధర పెట్టాక ట్యాంకులను పగలే వెలిగించే పద్ధతి విస్తరించి, నీరు ఉబ్బే సమయమూ వీధి ఒత్తిడి పెరిగే సమయమూ విడిపోయాయి.