సిపాయిల తరఫు సాక్షి: విల్‌ఫ్రెడ్ ఓవెన్ సైనిక జీవితం, మరణం

ప్రవేశిక

విల్‌ఫ్రెడ్ ఓవెన్ (1893–1918) పేరు వినగానే మొదటి ప్రపంచయుద్ధాన్ని నిరసించిన కవి గుర్తుకొస్తాడు. మాంచెస్టర్ రెజిమెంటులో ప్లటూన్‌ను నడిపించిన పదాతి దళ అధికారి అంతగా గుర్తుకురాడు. యుద్ధాన్ని అసహ్యించుకున్నవాడు మళ్ళీ యుద్ధరంగానికి ఎందుకు వెళ్ళాడు, అక్కడ శౌర్య పతకం ఎలా పొందాడు అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు, కవికీ అధికారికీ మధ్య వైరుధ్యం ఉందని తేల్చేయడం పరిపాటి. అతను తల్లికి రాసిన ఉత్తరాలను సైనిక జీవితంలోని ఘట్టాలతో కలిపి చదివితే ఆ మాట నిలవదు. తన కింది సిపాయిల మంచిచెడ్డలకు తానే జవాబుదారీ అన్న అధికారి స్పృహే అతని యుద్ధకవిత్వానికి పునాది అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అధికారి అయిన తీరు

ఓవెన్ 1893 మార్చి 18న ఇంగ్లండులోని ఆస్‌వెస్ట్రీలో పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. విశ్వవిద్యాలయంలో చదివించే స్తోమత ఇంట్లో లేదు. స్కాలర్‌షిప్పూ దక్కలేదు. డన్స్‌డెన్ గ్రామంలో ఒక మతాచార్యుడికి సహాయకుడిగా ఉంటూ పేదల ఇళ్ళకూ, రోగుల మంచాల దగ్గరకూ తిరిగాడు. 1913లో ఫ్రాన్సులోని బోర్డోకు వెళ్ళి ఇంగ్లిషు పాఠాలు చెప్పుకుని బతికాడు. యుద్ధం మొదలయ్యేనాటికి అక్కడే ఉన్నాడు. 1915 అక్టోబరులో సైన్యంలో చేరి, 1916 జూన్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

కొత్తగా తన చేతికి వచ్చిన సిపాయిల మీద అతనికి మొదట్లో సదభిప్రాయం లేదు. వాళ్ళు మొరటువాళ్ళనీ, ముఖంలో ఏ భావమూ పలకని ముద్దలనీ ఆ రోజుల్లో తల్లికి రాశాడు. తర్వాతి కాలపు కరుణామయుడైన కవిని మాత్రమే ఎరిగినవారికి ఈ ఉత్తరం మింగుడుపడదు. కానీ ఇది చాలా విలువైన ఆధారం. కరుణ అతనికి పుట్టుకతో అబ్బిన గుణం కాదనీ, ఆ మనుషులతో కలిసి బురదలో గడిపిన రోజులే దాన్ని నేర్పాయనీ దీనివల్ల తెలుస్తుంది.

నీళ్ళు నిండిన డగౌట్

1917 జనవరిలో అతని ప్లటూన్ రెండు సేనల మధ్య ఉన్న ఒక డగౌట్‌ను (నేలలో తవ్విన తలదాపును) కాపాడవలసి వచ్చింది. అడుగు, రెండడుగుల లోతున నీళ్ళు. ఆ ఇరుకులో పాతికమంది సిపాయిలు. సుమారు 50 గంటలపాటు పైన షెల్స్ పేలుతూనే ఉన్నాయి. దాడి మరీ ఉధృతమైనప్పుడు కాపలా సిపాయిలను బయట నిలబెట్టకుండా మెట్ల మధ్య దాకా దించానని ఓవెన్ తల్లికి రాశాడు. అయినా పేలుడు ధాటికి ఒక కుర్రాడు మెట్ల మీదినుంచి కిందికి ఎగిరిపడ్డాడు. అతని కళ్ళు పోయాయేమోనని ఓవెన్ భయపడ్డాడు.

దాదాపు రెండేళ్ళ తర్వాత, 1918 సెప్టెంబరులో, ఈ సంఘటనే ‘ది సెంట్రీ’ కవితగా పూర్తయింది. కవితలోని అధికారి ఆ కుర్రాడి కళ్ళ ముందు వెలుగు చూపించి ధైర్యం చెబుతాడు. ఆ వెంటనే ఇంకొకరిని కాపలాకు పెట్టే పనిలో పడి అతణ్ణి మరిచిపోతాడు. కవితకు గుండెకాయ ఈ మరుపే. దూరంనుంచి జాలిపడేవాడు రాయగలిగిన కవిత కాదిది. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆజ్ఞాపించినవాడే రాయగలడు.

తిరిగి యుద్ధరంగానికి

1917 వసంతంలో సావీ అడవి దగ్గర షెల్ పేలి అతణ్ణి గాల్లోకి విసిరేసింది. ఆ తర్వాత షెల్ షాక్‌తో అతణ్ణి ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రికి పంపారు. అక్కడ డాక్టర్ ఆర్థర్ బ్రాక్ రోగులను ఏదో ఒక పనిలో పెట్టి చికిత్స చేసేవాడు. అలా ఓవెన్ ఆసుపత్రి పత్రిక ‘ది హైడ్రా’కు సంపాదకుడయ్యాడు. ఆగస్టులో కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌తో పరిచయమైంది. ‘యాంథెమ్ ఫర్ డూమ్డ్ యూత్’ వంటి కవితలు ఆ స్నేహం నీడలో రూపుదిద్దుకున్నాయి.

కోలుకున్నాక, 1918 ఆగస్టు చివర అతను మళ్ళీ ఫ్రాన్సుకు బయలుదేరాడు. ఎందుకు వచ్చాడో అక్టోబరులో తల్లికి రాసిన ఉత్తరంలో తానే చెప్పాడు. ఈ కుర్రాళ్ళకు సాయపడటానికి వచ్చానన్నాడు. అధికారిగా నడిపించడం ఒక సాయం, వాళ్ళ బాధలను కళ్ళారా చూసి వకీలులా వాళ్ళ తరఫున మాట్లాడటం ఇంకో సాయం. రెండు బాధ్యతలూ అతని దృష్టిలో ఒకే కర్తవ్యానికి రెండు పార్శ్వాలు.

ప్రశంసాపత్రం: రెండు పాఠాలు

1918 అక్టోబరు 1, 2 తేదీల్లో జాంకూర్ దగ్గర జర్మన్ల ఫోన్సోమ్ రక్షణరేఖపై దాడి జరిగింది. కంపెనీ కమాండర్ గాయపడగా ఓవెన్ నాయకత్వం తీసుకుని శత్రువుల ఎదురుదాడిని నిలువరించాడు. దీనికే మిలిటరీ క్రాస్ లభించింది. పట్టుబడ్డ జర్మన్ మెషిన్ గన్‌ను అతను స్వయంగా పేల్చి శత్రువుకు గణనీయమైన నష్టం కలిగించాడని అధికారిక ప్రశంసాపత్రం చెబుతోంది. 1967లో సోదరుడు హెరాల్డ్ ఓవెన్, జాన్ బెల్ సంపాదకత్వంలో వెలువడిన లేఖల సంపుటిలో మాత్రం, అతను మెషిన్ గన్‌ను పట్టుకుని కొందరిని బందీలుగా తీసుకున్నాడని ఉంది. చంపడం పోయి బందీలు వచ్చారు.

తల్లికి రాసిన ఉత్తరంలో ఓవెన్ కూడా తాను పిస్తోలుతో ఒక్కణ్ణే కాల్చాననీ, మిగతావారిని బందీలుగా పట్టుకున్నాననీ చెప్పాడు. కన్నతల్లికి ఎంతవరకు చెప్పాలో అంతే చెప్పి ఉండవచ్చు. ససూన్‌కు రాసినప్పుడు తీరు వేరు: తలలో గుండు దిగిన సిపాయి తనమీద పడి, అరగంటపాటు అతని రక్తంతో తన భుజం తడిసిందని దాపరికం లేకుండా రాశాడు.

ఓర్స్ కాలువ

అక్టోబరు 31న ఓర్స్ సమీపంలోని అటవీ అధికారి ఇంటి నేలమాళిగ నుంచి తల్లికి ఆఖరి ఉత్తరం రాశాడు. కళ్ళు మండించే పొగ, పక్కన బంగాళదుంపలు తొక్క తీస్తున్న ముసలి సిపాయి, ఇరుక్కుని కూర్చున్న తోటివారి నవ్వులు. ఇంతకన్నా మంచి మిత్రబృందం ఉండదన్నది ఆ ఉత్తరం సారాంశం.

నవంబరు 4 తెల్లవారుజామున సాంబ్ర్–వాజ్ కాలువ దాటే ప్రయత్నం మొదలైంది. ఇంజనీర్లు తేలే వంతెనను నీటిపైకి నెడుతుంటే ఆవలి ఒడ్డునుంచి మెషిన్ గన్లు కురిశాయి. ఓవెన్ బెటాలియన్‌లోని మరో అధికారి జేమ్స్ కర్క్ తెప్ప మీద ముందుకెళ్ళి కాల్పులు జరుపుతూ మరణించి విక్టోరియా క్రాస్ పొందాడు. ఓవెన్ కాలువ దగ్గర తన సిపాయిలకు ధైర్యం చెబుతూ నేలకొరిగాడు. వయసు 25. యుద్ధం ముగిసిన నవంబరు 11నే ష్రూస్‌బరీలోని ఇంటికి టెలిగ్రాం చేరింది. తల్లి సుసాన్ 1920లో రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉత్తరం రాస్తూ, చివరిసారి వీడ్కోలు తీసుకున్నప్పుడు కొడుకు పలికినవి ‘గీతాంజలి’లోని మాటలేనని తెలిపింది.

ముగింపు

ఓవెన్ బతికుండగా అచ్చయిన కవితలు వేళ్ళమీద లెక్కపెట్టదగినవే. ససూన్ ముందుమాటతో 1920లో తొలి సంపుటి వచ్చాక అతని కీర్తి పెరిగింది. కీర్తితోపాటు అతని చేతులకు రక్తం అంటలేదన్న భావనా పెరిగింది. కానీ అతని ‘స్ట్రేంజ్ మీటింగ్’ కవితలో మాట్లాడేది చనిపోయిన శత్రువు, వింటున్నది అతణ్ణి చంపినవాడు. చంపినవాడి స్థానంలో తనను నిలబెట్టుకుని రాసిన కవిని నిర్దోషిగా చూపించాలన్న ఆరాటం, ఎంత ప్రేమతో చేసినా, ఆ కవితకు అన్యాయమే చేస్తుంది. యుద్ధం మంచి మనుషుల చేత ఏమేం చేయిస్తుందో చెప్పడానికి అతనికి అర్హత ఇచ్చింది ఆ పనులు తానూ చేసి ఉండటమే. అందుకే అసలు ప్రశంసాపత్రాన్ని అతని కవితల పక్కనే ఉంచి చదవాలి.