బస్తీ ముందు, చట్టం వెనుక

ప్రతి ఏటా ఈ సంచికలో పెద్దల జ్ఞాపకాలు, పిల్లల పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్పుల లెక్కలు చదువుకుంటున్నాము. ఈసారి మేము ఒక చరిత్ర విషయం ఎంచుకున్నాము. మనవాళ్లు హైదరాబాదు పట్నానికి ఎలా వచ్చారు, వచ్చినవారితో సర్కారూ చట్టమూ ఎలా నడుచుకున్నాయి అన్నదే ఆ విషయం. మన సభ్యులలో తరతరాలుగా పాతబస్తీలో ఉన్నవారు కొందరు. నల్గొండ, మహబూబ్‌నగర్, మెదక్ పల్లెల నుంచి వచ్చినవారి పిల్లలు ఎక్కువమంది. కర్నూలు, గుంటూరు వైపు నుంచి వచ్చినవారూ లేకపోలేదు. ఎవరి కథ విన్నా మొదటి మాట ఒక్కటే: "మా నాయిన బతుకుతెరువు కోసం పట్నం వచ్చిండు."

చరిత్ర తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. జనం ముందు వస్తారు, చట్టం తర్వాత వస్తుంది. వచ్చిన చట్టం మొదట అడిగేది, "ఎప్పటి నుంచి ఉంటున్నావు? కాగితమేది?" అని. దీనికి జవాబు చెప్పగలిగినవారు నిలిచారు. చెప్పలేనివారు మరో బస్తీ వెతుక్కున్నారు.

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో నగరానికి మునిసిపల్ పాలన మొదలైంది. 1901 జనాభా లెక్కల నాటికి ఇక్కడ సుమారు నాలుగున్నర లక్షల మంది ఉన్నారు. మూసీకి రెండు వైపులా ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని పెరిగాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఎంతోమంది ప్రాణాలు దక్కించుకున్న సంగతి మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్నదే.

అంత నష్టం జరిగాక గాని నగరాన్ని ఒక పద్ధతిలో పెట్టాలన్న ఆలోచన బలపడలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. వరదను ఆపేందుకు 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఏడో నిజాం కాలంలో, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. దీన్నే మన పెద్దలు 'ఆరాయిష్ బల్దా' అనేవారు. ఇరుకు వాడలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, పత్తర్‌గట్టి దుకాణాలు కట్టించడం, పేదలకు ఇళ్లు కట్టించడం దాని పనులు. ఇవి మంచి పనులే, కాదనము. అయితే రోడ్డు వెడల్పు చేసినప్పుడు సాధారణంగా పరిహారం ఇంటి యజమానికి పోతుంది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు కిరాయికున్నవాడు మూట సర్దుకోవలసిందే.

ఉండే చోటు సంగతి ఇలా ఉంటే, ఉద్యోగం సంగతి మరొకటి. 1919 నాటి ముల్కీ నిబంధనలు ఎవరు ఇక్కడివారో, ఎవరు కారో తేల్చాయి. పుట్టుకతో సంస్థాన ప్రజ కానివాడు ముల్కీ కావాలంటే ఇక్కడ పదిహేనేళ్లు స్థిరంగా ఉండాలి. వెనక్కి పోయే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి. బయటివారే కొలువులన్నీ పట్టుకుపోతున్నారని స్థానికులు పడ్డ బాధ అబద్ధం కాదు. 1952లో ఆ బాధే ఆందోళనగా మారి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుపై కోస్తా, రాయలసీమల్లో అలజడి రేగింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతను ముఖ్యంగా పిల్లవాడు వరుసగా చదివిన ఏళ్లతో కొలిచింది. చట్టం మారింది గాని ప్రశ్న మారలేదు. పదిహేనేళ్ల నివాసానికి బదులు స్కూలు సర్టిఫికెట్ అడిగారు, అంతే.

ఇంతలో నగరం ఆగలేదు. 1948 సెప్టెంబరు తర్వాత జిల్లాల నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు భయంతో, దిక్కుతోచక పట్నం చేరాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ పద్ధతి పోవలసిందే. కానీ దాన్నే నమ్ముకున్న చిన్న చిన్న నౌకర్ల బతుకు కూడా దానితోపాటే పోయింది. ఆ తర్వాత కరువులకు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఎవరినీ ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. నాలా పక్కన, గుట్ట మీద, చెరువు శిఖంలో చోటు దొరికిన చోట గుడిసె వేశారు.

1956లో మురికివాడల అభివృద్ధి కోసం భూమి సేకరించే చట్టం వచ్చింది. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషన్లు ఒక్కటయ్యాయి. 1967లో నగర సముదాయాభివృద్ధి పథకం మొదలైంది. అంతకుముందు సర్కారు బస్తీని తీసేయాలనే చూసేది. ఈ పథకం బస్తీవారిని కూర్చోబెట్టి మాట్లాడింది. కమిటీలు, మహిళా మండళ్లు, బాలవాడీలు నడిపింది. తర్వాతి ఏళ్లలో పట్టాలు ఇప్పించి, బ్యాంకు అప్పులు ఇప్పించి, ఎవరి ఇల్లు వారే కట్టుకునే ఏర్పాటు చేసింది. పట్టా చేతికి రాగానే తడిక పోయి గోడ లేచింది. రేపు లేపేస్తారన్న భయం పోతే పేదవాడు కూడా ఇటుక మీద ఇటుక పెడతాడని అప్పుడు తెలిసింది.

1975లో నగరాభివృద్ధి చట్టం కింద 'హుడా' ఏర్పడింది. 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఒకరికి వేయి చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉండరాదన్నారు. మిగులు భూమి పేదలకు చేరుతుందన్నారు. మినహాయింపులతో, కోర్టు కేసులతో చాలా భూమి అలాగే చిక్కుబడిపోయింది. 2008లో మన దగ్గర ఆ చట్టం రద్దు కూడా అయింది. ఈలోగా మిగులుగా తేలిన జాగాల్లో చాలా చోట్ల బస్తీలే వెలిశాయి. పేదలకు చేరాల్సిన భూమి మీదికి పేదలు వచ్చి కూర్చున్నారన్న మాట, అయితే ఆక్రమణదారులన్న పేరుతో! 2007లో పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిసి గ్రేటర్ కార్పొరేషన్ అయింది. 2011 లెక్కల్లో ఆ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం తేలారు.

ఇక మేము కళ్లారా చూసిన సంగతి ఒకటి చెబుతాము. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలంలో ఆ ఏడు జూన్ 2కు ముందు నుంచి ఉంటున్న పేదలకు 125 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధం చేస్తామన్నారు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు వంటిది రుజువుగా చూపాలి. మన సభ్యులలో ఒక పెద్దమ్మ రేకు పెట్టె తెచ్చి మా ముందు బోర్లించింది. ముప్పై ఏళ్ల రసీదులు, వేప ఆకులు వేసి దాచినవి! చదువు రాదు ఆమెకు. "సర్కారు ముద్ర ఉన్న కాగితం పారేయొద్దని మా ఆయన చెప్పిండు బిడ్డా" అంది. ఆమెకు పట్టా వచ్చింది. ఆమె గోడకు గోడ ఆనుకొని ఉన్న కుటుంబం కూడా అదే ఏడు అక్కడికి వచ్చింది. పక్కింటి తీగతోనే కరెంటు వాడుకొని, నెలనెలా వారికే డబ్బులిచ్చింది. బిల్లు ఎన్నడూ తమ పేరున రాలేదు. ఆ ఇంటాయన ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాక, "మేమూ అప్పటి నుంచే ఉన్నాం కదా సాబ్" అని మా దగ్గర కంటతడి పెట్టాడు. ఉన్నారు, నిజమే. బస్తీ అంతా సాక్ష్యం చెబుతుంది. కానీ బస్తీ సాక్ష్యానికి ముద్ర లేదు.

అప్పుడు మేము సిగ్గుపడ్డాము. సంఘం పెట్టి ఇన్నేళ్లయింది. కుట్టుమిషన్లు ఇచ్చాము, ఫీజులు కట్టాము. ఆ ఇంటికి ఒక మీటరు పెట్టించే దరఖాస్తు మాత్రం ఎవరమూ రాయలేదు.

కనుక సభ్యులందరికీ మా మనవి. ప్రతి ఇంటి కాగితాలూ ఒకసారి సరిచూసుకుందాం. పేర్లలో తప్పులుంటే దిద్దించుకుందాం. తోపుడు బండి మీద బతికే సోదరులకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సంగతి చెబుదాం. సర్వే పూర్తికాకుండా వారిని లేపేయరాదని ఆ చట్టంలోనే ఉంది. బల్దియా సర్వేకు వచ్చిన నాడు బండి దగ్గర మనిషి ఉండాలి, పేరు ఎక్కాలి.

చివరగా ఇంకొక్క మాట. ఈరోజు మన గల్లీల్లో బిహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు గదికి ఎనిమిది మంది చొప్పున కిరాయికుంటున్నారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడుతున్నారు. "వీళ్లెక్కడి నుంచి దిగారు" అని మనవాళ్లే అనడం మా చెవిన పడింది. మన తాతలను, తండ్రులను పట్నం అడిగిన ప్రశ్నే కదా అది! వాళ్లకు కిరాయి రసీదు ఇవ్వడం ఇంటి యజమానులైన మన చేతిలో పని. దానికి ఏ సర్కారు ఉత్తర్వూ అక్కర్లేదు. చట్టం ఎలాగూ వెనుకే వస్తుంది. అది వచ్చి అడిగిన నాడు వాళ్ల చేతిలోనూ ఒక కాగితం ఉండాలి. ఆ మొదటి కాగితం మన ఇంటి నుంచే వెళ్లాలని మా కోరిక.