గడ్డకట్టిన చెరువు మీద ఏం వదిలి రావాలి

అమెరికాలోని మిన్నెసోటాలో జనవరి వచ్చేసరికి చెరువుల మీద ఊళ్లు వెలుస్తాయి. మంచు గట్టిపడ్డాక చెక్కతోనో అల్యూమినియం రేకుతోనో కట్టిన గదుల్ని ట్రక్కులతో లాక్కొచ్చి నడి చెరువులో నిలబెడతారు. గది అడుగున కన్నాలుంటాయి. వాటికి సరిగ్గా కింద మంచును తొలిచి, ఆ బొక్కల్లోంచి గాలాలు దించుతారు. వీటిని ఫిష్ హౌస్ అంటారు. శని, ఆదివారాలు లోపల జనం ఉంటారు. సోమవారం అందరూ పనుల్లోకి వెళ్లిపోయినా గది మాత్రం అక్కడే ఉంటుంది. వెళ్లేముందు అందులో ఏం వదలాలి, ఏం వెంట తెచ్చుకోవాలి? ఈ రాష్ట్రం చరిత్ర చెప్పమని మనవాళ్లు ఎవరడిగినా నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ గదిలోని సామాన్లు ఒక్కొక్కటీ ఒక్కో జనంతో వచ్చాయి.

మంచు తొలిచే ఆగర్, చేప ఎంత లోతులో ఉందో చూపించే సోనార్, గాలం కర్రలు ఒక్క రాత్రి కూడా వదలకూడదు. దొంగల భయం ఎలాగూ ఉంది. పైగా ఆ చలిలో సోనార్ బ్యాటరీ నీరసించిపోతుంది. ఎర కోసం తెచ్చిన చేపపిల్లల బకెట్ తెల్లారేసరికి గడ్డ కడుతుంది. గాలం నీళ్లలో వేసి ఇంటికి వెళ్లిపోవడానికి చట్టమే ఒప్పుకోదు. బొక్కలు పూడిపోకుండా ఉంటాయని హీటరు వెలిగించి వదిలేయడం అసలు చేయరాని పని. నిప్పు ప్రమాదం సరేసరి, ఆ వేడికి గది కింద మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి గదిని పట్టేసుకుంటుంది. గ్యాస్ బండ వదలక తప్పకపోతే వాల్వు బిగించి, గది బయట నిటారుగా నిలబెట్టి రావాలి.

తప్పకుండా వదలాల్సినవి చెక్క దిమ్మలు. మా పక్కింటి పెద్దాయన గదిని మూల మూలకీ జాకీతో ఎత్తి, ఒక్కో మూల కింద రెండేసి దిమ్మలు అడ్డంగా పేరుస్తారు. కురిసిన మంచు బరువుకి చెరువు మీది పలక కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకి ఉబుకుతాయి. గది అడుగు వాటిలో ఆనిందంటే రాత్రికి రాత్రే అతుక్కుపోతుంది. అందుకే ఆయన గ్లౌజు తీసి, అడుగున సందులోకి వేళ్లు పోనిచ్చి తడుముతారు. చల్లగాలి వేళ్లకి తగిలాకే తలుపు వేస్తారు. ఇవి కాక ఒక పాత పార, బొక్కలో తేలే మంచుముక్కలు తీసే గరిటె, కూర్చునే బల్ల ఉంటే చాలు.

ఇక ఆ గది ఎవరిది? కిటికీల్లేని చీకటి గదిలో కూర్చుని, చెక్కిన బొమ్మచేపను బొక్కలో ఆడిస్తూ, అది చూసి దగ్గరికొచ్చిన పైక్ చేపను ఈటెతో పొడిచే పద్ధతి ఇక్కడ ఇప్పటికీ ఉంది. బయటి వెలుతురు ఆగిపోతే నీళ్ల లోపలంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఇది ఒజిబ్వే, డకోటా జనాల విద్య. తోళ్లో దుప్పట్లో కప్పుకుని మంచు మీద వాలి చేపలు పట్టినవాళ్లు వాళ్లు. 1837లో ఒజిబ్వేలు లక్షల ఎకరాలు అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చారు. వేటాడే, చేపలు పట్టే, చెరువుల్లో పెరిగే అడవి వరి కోసుకునే హక్కు మాత్రం తమకు ఉండేలా ఒప్పందంలో రాయించుకున్నారు.

1862లో జరిగినవి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మే నెలలో అధ్యక్షుడు లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టారు. అయిదేళ్లు ఉండి సాగు చేసుకున్నవాళ్లకు 160 ఎకరాలు దక్కేవి. ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు అందక, ఆకలికి తాళలేక ఆ ఆగస్టులో డకోటాలు తిరగబడ్డారు. డిసెంబర్ 26న మంకేటో పట్టణంలో వాళ్లలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు డకోటాలను రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. ఆ నేల మీదికి స్వీడన్, నార్వేల నుంచి రైతులు వేలకు వేలు వచ్చి దిగారు.

ఆ వైపు దేశాల పనిముట్లూ తర్వాత ఈ మంచు మీదికి చేరాయి. చేత్తో తిప్పే ఆగర్లలో పేరున్న మోరా స్వీడన్‌ది. ఎరల్లో పేరున్న రపాలా ఫిన్లండ్‌ది. లౌరీ రపాలా అనే జాలరి 1936లో చెప్పులు కుట్టే కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ చుట్టిన రేకు అంటించి ఆ చేపబొమ్మ చేశాడు.

ఒజిబ్వేల ఒప్పందాన్ని మాత్రం రాష్ట్రం ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. 1990లో ఒజిబ్వేల్లోని మిల్ లాక్స్ తెగవాళ్లు కోర్టుకెక్కారు. 1999లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, 1837 నాటి హక్కు చెల్లుతుందని తేల్చింది. లక్షా ముప్పై వేల ఎకరాల మిల్ లాక్స్ సరస్సులో ఎవరు ఎన్ని చేపలు పట్టొచ్చో ఇప్పుడు ఏటేటా తెగలూ ప్రభుత్వమూ కూర్చుని లెక్క కట్టుకుంటారు. తర్వాత వచ్చి చేరినవాణ్ణి కాబట్టి నాకు ఈ తీర్పు చాలా పెద్ద విషయం. నా గది నిలబడేదీ ఆ నీళ్ల మీదే.

మంచు మీద ఎవరికీ పట్టా లేదు. అందుకే గది బయటి గోడ మీద కనీసం రెండంగుళాల అక్షరాలతో యజమాని పేరు, చిరునామా గానీ, లైసెన్సు నంబరు గానీ రాయాలి. రాత్రుళ్లు మంచు మీద తిరిగే బండ్లకు కనబడేలా మెరిసే పట్టీలూ అంటించాలి. తాళం వేయాలా వద్దా అనేది మాత్రం ఎవరిష్టం వాళ్లది. తాళం కోసం తలుపు విరగ్గొట్టించుకోవడం ఎందుకనే పెద్దల మాటే నాకు నచ్చింది. హిమపాతంలో దారి తప్పినవాళ్లు ఎవరైనా లోపలికొచ్చి కూర్చోవచ్చు. వాళ్ల కోసమని ఒక డబ్బాలో అగ్గిపెట్టె, మందపాటి దుప్పటి ఉంచుతాను.

చెత్త, మలమూత్రాలు మంచు మీద వదిలితే 2023లో వచ్చిన చట్టం ప్రకారం వంద డాలర్ల జరిమానా. దక్షిణాన మార్చి మొదటి సోమవారం, ఉత్తరాన మూడో సోమవారం దాటేలోగా గదులన్నీ తీసేయాలి. దిమ్మల్ని కూడా గునపంతో తవ్వి ఇంటికి తెచ్చుకోవాలి. ఒక్కటి మిగిలినా మంచు కరిగాక తేలి, వేసవిలో ఎవరి పడవకో తగులుతుంది.