ఆగని యంత్రాల లాగ్ పుస్తకం

సర్వర్ పడిపోయినప్పుడు, అది తన పనులూ లోపాలూ రాసుకునే లాగ్ తెరవమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజున కూడా తెరవమని నేను మా జట్టులో కొత్తగా చేరిన పిల్లలకు చెబుతుంటాను. ఈ పాఠం టాండెమ్ యంత్రాల చరిత్రలో ఉంది.

1974లో కాలిఫోర్నియాలో మొదలైన టాండెమ్ సంస్థ, బ్యాంకుల్లాంటి చోట్ల ఆగకుండా నడిచే కంప్యూటర్లు తయారుచేసేది. ముఖ్యమైన ప్రోగ్రాములు రెండు ప్రాసెసర్ల మీద జంటగా ఉండేవి. ఒకటి కూలితే రెండోది పని అందుకునేది. డిస్కులూ జంటలే.

అయినా ఈ యంత్రాలు అప్పుడప్పుడూ ఆగేవి. ఎందుకో తేల్చడానికి ఆ సంస్థలోనే పనిచేస్తున్న జిమ్ గ్రే, వినియోగదారుల నుంచి వచ్చిన వైఫల్యాల వివరాలన్నీ లెక్కగట్టి 1985లో నివేదిక రాశారు. కొత్త యంత్రాల తొలినాళ్ళ ఇబ్బందులు పక్కన పెడితే, 42 శాతం సార్లు కారణం నిర్వహణలో పొరపాట్లే. సాఫ్ట్‌వేర్ వాటా 25 శాతం, హార్డ్‌వేర్ వాటా 18 శాతం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అందులోని మరో లెక్క. ప్రింటింగ్ పనులు చూసే స్పూలర్ ప్రోగ్రాము లాగ్‌లను కొన్ని డజన్ల యంత్రాల్లో పరిశీలిస్తే, 132 సాఫ్ట్‌వేర్ లోపాలు కనిపించాయి. వాటిలో 131 మళ్ళీ ప్రయత్నించగానే మాయమయ్యే రకం. గ్రే వాటిని హైజెన్‌బగ్‌లన్నారు. జంట ప్రోగ్రాము పని అందుకోవడంతో వాడేవాళ్ళకు తేడా తెలియలేదు. ఆ లోపాల ఆనవాలు మిగిలింది లాగ్‌లోనే.

అదే దశాబ్దంలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్, సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము కోసం సిస్‌లాగ్ అనే లాగ్ వ్యవస్థ రాశారు. ప్రతి సందేశానికీ తీవ్రతను బట్టి సున్నా నుంచి ఏడు వరకు అంకె ఉంటుంది. సున్నా అంటే అత్యవసరం. సందేశాలను నెట్‌వర్క్ మీదుగా వేరే యంత్రానికి పంపి దాచవచ్చు. కూలిన యంత్రం తెరుచుకోకపోయినా, చివరి నిమిషాల్లో అది పంపినవి అక్కడ దొరుకుతాయి.

అయితే లోపం లాగ్‌లో తప్ప బయట కనిపించకపోవడంలోనే జంటగా కట్టిన వ్యవస్థల ప్రమాదం ఉంది. జంట డిస్కుల్లో ఒకటి పోయినా సేవ ఆగదు, ఫిర్యాదూ రాదు. లాగ్‌లో మాత్రం ఒక హెచ్చరిక పడుతుంది. ఎవరూ చదవకపోతే ఇక ఒంటి డిస్కు మీదే బండి నడుస్తుంది. రెండోది బాగుండగానే మొదటిదాన్ని మార్చాలంటే, ఆ హెచ్చరికను ఆ రోజే ఎవరో ఒకరు చదివి తీరాలి.