పన్నెండున్నర బండి

2003 ఏప్రిల్. నరసరావుపేట దాటాక సాగర్ కాలువ మీద ఇరుకు వంతెన. దాని నడిమధ్యకు వచ్చేసరికి నాన్న మారుతీ వ్యాను రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది.

వెనక మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు పోతున్న లారీ. హారను మోగుతూనే ఉంది. వ్యానులో తొమ్మిది మంది పిల్లలం. నాన్న తాళం తిప్పుతున్నాడు. ఇంజను కూకూమని తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మీటరులో వేడి చూపించే ముల్లు ఎర్ర గీతకు ఆనుకుని ఉంది.

"ఎవరూ కదలకండమ్మా, నేనున్నాగా" అన్నాడు నాన్న. లారీ క్లీనరు దిగొచ్చి తనూ భుజం వేశాడు. ఇద్దరూ కలిసి బండిని వంతెన దాటించారు. పక్కనున్న తుమ్మచెట్టు కింద నాన్న మమ్మల్నందరినీ దించాడు. యూకేజీ పిల్లాడు వాంతి చేసుకున్నాడు. సీసాల్లో నీళ్లు అప్పటికే అయిపోయాయి. వాణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డ నాన్న చేతులు వణకడం అప్పుడు చూశాను. ఎనిమిదో తరగతి చదివే నాకు, నాన్న భయపడతాడని తెలిసిన మొదటి రోజు అదే.

ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. నాన్న మళ్లీ తాళం తిప్పాడు. ఏమీ ఎరగనట్టు బండి స్టార్టయింది.

ఆ సాయంత్రం ఒక తల్లి మా గుమ్మంలోకొచ్చి, "ఏమనుకోకు అన్నయ్యా, రేపటి నుంచి మావాణ్ణి ఆటోలో పంపుతాం" అంది. ఆమె తప్పేం లేదు. నాన్న తల దించుకుని "సరేనమ్మా" అన్నాడు.

*

అమ్మ గాజులు కుదువపెట్టి కొన్న బండి అది. 1994 మోడలు, నాన్న చేతికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. మారుతీ వ్యాన్ మన దేశంలోకి వచ్చింది 1984లో. 1988లో దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. ముందు బానెట్ ఉండదు. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, చూడాలంటే సీటు ఎత్తాలి. బడి పిల్లలకూ, కూరగాయలకూ, ఆసుపత్రికీ, పెళ్లికీ అదే బండి. చలికాలమంతా మమ్మల్ని ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. ఎండలు ముదిరాక మొదలైంది ఈ బాధ.

నాన్న మూడు షెడ్లు తిరిగాడు. ఒకచోట ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు మార్చారు. ఇంకోచోట కార్బురేటర్ విప్పి కడిగి, పెట్రోల్ పంపు మార్చి, కొత్త రబ్బరు పైపు వేశారు. మూడోచోట థర్మోస్టాట్ వాల్వు పీకేసి, "ఇక నీళ్లు ధారాళంగా తిరుగుతాయి" అన్నారు. అయినా ఆగుతూనే ఉంది. చివరికి హెడ్ గ్యాస్కెట్ పోయిందనీ, ఇంజను దించాలనీ, ఎనిమిది వేలు అవుతుందనీ చెప్పారు. ఆ ఎనిమిది వేలు మా ఇంట్లో లేవు.

అప్పుడు ఎవరో ఒక ముసలి మేస్త్రి సంగతి చెప్పారు. షెడ్డు లేదు, వేపచెట్టు కింద పని. నాన్నతో నేనూ వెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. బీడీ పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"పొద్దున ట్రిప్పులో ఆగుతుందా?"

"లేదు మేస్త్రి గారూ."

"మధ్యాహ్నం ఎక్కడ? పరుగులోనా, ఆపి తీశాకనా? ఎంతసేపటికి మళ్లీ అందుకుంటుంది?"

నాన్న దగ్గర జవాబు లేదు. ఆగినప్పుడు ఆయన కళ్లు పిల్లల మీదుండేవి, గడియారం మీద కాదు.

మేస్త్రి ముందు డిప్‌స్టిక్ తీసి చూశాడు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు లేదు. సైలెన్సరులో తెల్లటి పొగ లేదు. ఇంజను నడుస్తుంటే రేడియేటర్ నీళ్లలో బుడగలూ లేవు. "గ్యాస్కెట్ నిక్షేపంగా ఉంది. ఇంజను దించొద్దు. వారం రోజులు ప్రతిదీ రాసి పట్రా" అన్నాడు. నాకేసి చూసి, "నువ్వు రాయమ్మా" అన్నాడు.

*

నా పాత లెక్కల నోటుపుస్తకంలో చివరి పేజీలు ఆ వారమంతా నిండాయి. నాన్న చెప్పేవాడు, నేను రాసేదాన్ని. పిల్లల దగ్గర రెండు క్యాన్ల నీళ్లు, వంతెన మీదుగా కాకుండా చుట్టుదారి. ఆ వారం ఐదుసార్లు ఆగింది.

ఆదివారం మేస్త్రి ఆ పేజీలు చదివించుకున్నాడు. చదువుతుంటే నాకే తట్టింది, ఆగినవన్నీ ఒంటిపూట బడి వదిలాక, పన్నెండున్నర ట్రిప్పులోనే. మామూలు రోజుల్లో బడి వదిలేది సాయంత్రం కదా, అందుకే చలికాలంలో ఈ జబ్బు బయటపడలేదు. ఇంకొకటి కూడా ఉంది. పెట్రోల్ కలిసొస్తుందని నాన్న ప్రతి ఇంటి ముందూ ఇంజను ఆపేవాడు. నాలుగో ఇంటి దగ్గర ఆ ఇంటి నానమ్మగారు పలకరిస్తారు, ఐదు నిమిషాలు పడుతుంది. అక్కణ్ణుంచి తీశాక ఫర్లాంగు దూరం లోపే బండి ఆగింది, ఐదుసార్లూ.

మేస్త్రి లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పద, అదే దారి, అదే వేళ. ఎండలో వచ్చే జబ్బుకి నీడలో వైద్యం కుదరదు."

అంతవరకూ మేము చేసిన తప్పంతా ఆ మాటలో ఉంది. షెడ్డుకు చేరేసరికి బండి చల్లారిపోయేది. చల్లారిన బండిలో ఏ లోపమూ కనపడదు, అందుకే చేతికందిన సామానల్లా మార్చారు.

పిల్లలు లేని ఖాళీ వ్యానులో ముగ్గురం బయల్దేరాం. పుస్తకం చూసి నేను నిమిషాలు చెబుతుంటే నాన్న ఒక్కో గుమ్మం ముందూ అన్నన్ని నిమిషాలూ ఆపాడు. నాలుగో ఇల్లు దాటాం. అదే ఎగురుడు. ఆగింది.

నాన్న ఆత్రంగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే మేస్త్రి మణికట్టు పట్టి ఆపాడు. "ముఖం కాల్చుకుంటావా?" మూత బిగువుకి లోపల ఒత్తిడి నిలుస్తుంది, అందుకే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. వేడి మీద మూత తీస్తే ఒక్కసారిగా పొంగి మీద పడతాయి. చల్లటి నీళ్లు గుమ్మరించినా ప్రమాదమే, హెడ్ పగలొచ్చు.

సీటు ఎత్తాడు. ఒక ప్లగ్గు వైరు పీకి, విడి ప్లగ్గుకి తగిలించి, ఇనుముకి ఆనించి తాళం తిప్పమన్నాడు. నీలం నిప్పురవ్వ చటుక్కున మెరిసింది. "కరెంటుంది." వైరు మళ్లీ బిగించి, ఈసారి కాయిల్ వైరు తీసి పక్కన పెట్టాడు, పెట్రోల్ దగ్గర నిప్పు రాకూడదని. కార్బురేటర్ పైపు ఊడదీసి సీసాలో పెట్టాడు. ఇంజను తిప్పితే ధార రావాలి. వచ్చింది బుసబుసమని నురగ.

పెట్రోల్‌లోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరి కావడం మొదలుపెడతాయి. పైగా షెడ్డులో వేసిన కొత్త పైపు పొడుగెక్కువై, వేలాడి ఇంజనుకు ఆనుకుని ఉంది. బండి ఆపితే గాలీ నీళ్లూ తిరగడం మానేస్తాయి, లోపలి వేడంతా ఆ పైపుకే ఎక్కుతుంది. పైపులో ఆవిరి నిండితే పంపు లాగేది ఆ ఆవిరినే. మేస్త్రి తువ్వాలు తడిపి పంపు మీదా పైపు మీదా కప్పాడు. ఐదు నిమిషాలకు బండి అందుకుంది.

నాన్న ముఖం వెలిగింది. మేస్త్రి ముఖం వెలగలేదు. "ఆగడం సరే, ఇంత వేడెక్కడమెందుకు? ఫ్యాను మోత వినపడుతోందా?"

ముగ్గురం చెవులొగ్గాం. ముల్లు ఎర్ర గీత మీదుంది. ఫ్యాను తిరగడం లేదు. నీళ్లు వేడెక్కగానే ఫ్యానును నడిపించే చిన్న స్విచ్చు ఒకటుంటుంది. దాని రెండు వైర్లూ కలిపాడు. ఫ్యాను గుయ్యిమంది. మోటారు బాగుంది, స్విచ్చు చచ్చిపోయింది. బండి జోరుగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సందుల్లో ఇంటింటికీ ఆగే బడి బండికి ఆ గాలి లేదు, ఫ్యానే దిక్కు.

మర్నాడు పొద్దున్నే, చల్లారిన రేడియేటర్ మూత తీసి లోపలికి చూపించాడు. తెల్లటి పెచ్చు. పిడుగురాళ్ల సున్నపురాయికి పేరుమోసిన ప్రాంతం మాది. మా బోరునీళ్లలో కూడా ఆ సున్నమే. కాచిన గిన్నెకి పట్టినట్టే ఏళ్ల తరబడి రేడియేటర్ గొట్టాలకూ పట్టింది.

*

ఆయన చేసింది నాలుగు పనులు. రేడియేటర్ శుభ్రం చేయించి, బోరునీళ్లకు బదులు డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోశాడు. కొత్త స్విచ్చు వేశాడు. పెట్రోల్ పైపు కొలతకు కోసి, ఇంజనుకు దూరంగా క్లిప్పుతో కట్టాడు. పీకేసిన థర్మోస్టాట్ స్థానంలో కొత్తది పెట్టాడు. "ఇంజను వేడి తగినంత ఉండేట్టు కాపాడేది ఇది. కాపలావాణ్ణి తరిమేసి దొంగ పోయాడనుకుంటే ఎలా?" అన్నాడు. అన్నిటికీ కలిపి ఆ ఎనిమిది వేలలో అయిదో వంతు కూడా కాలేదు.

వేడెక్కడం, ఆగిపోవడం వేరు వేరు జబ్బులనుకుని మేము వేరువేరుగా డబ్బు పోశాం. మొదటిదే రెండోదాన్ని తెచ్చింది. పాత వ్యాను నడిపే ప్రతి అన్నకూ చెప్పాలనిపిస్తుంది, సామాను మార్చేముందు ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు ఆగిందో రాయండి. ఆగిన చోటే, ఆగిన వేళే చూడగల మనిషిని వెతకండి. మీ వెనక సీట్లో ఉన్నది ఊరివాళ్ల పిల్లలు.

ఓమ్నిల తయారీ 2019లో ఆగిపోయింది. మా బండి అంతకు ఎంతో ముందే అమ్మేశాం. నోటుపుస్తకం మాత్రం నా దగ్గరుంది. బాగుచేయించిన మర్నాడు మధ్యాహ్నం ఆ వంతెన మీదుగానే వెళ్లాం. నాన్న వేగం పెంచలేదు, తగ్గించలేదు. అవతలి ఒడ్డుకు చేరాక, ఇల్లు రాకముందే, వెనక్కి తిరక్కుండా "రాయమ్మా" అన్నాడు.

తేదీ వేసి రాశాను. పన్నెండు యాభై. వంతెన. ఆగలేదు.